వడదెబ్బ: ముందు చల్లార్చండి, తర్వాత ఆసుపత్రి

(మన సంఘం వెలుగోడు శాఖ సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజరు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఏదైనా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. డీఏ బకాయిల విషయం కంటే ముందు నాకు అవకాశమిచ్చినందుకు వారికి కృతజ్ఞతలు. ఆ విషయం అయిపోయాక మాట్లాడమని ఉంటే ఈ కుర్చీల్లో సగం ఖాళీగా ఉండేవని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మన సభల్లో ఆరోగ్యం అనగానే షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు వస్తాయి. ఈరోజు నేను వాటి జోలికి పోను. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయింది కూడా. ఇక ఉగాది వస్తుంది, కన్నడ భక్తులు కాలినడకన ఆత్మకూరు మీదుగా నల్లమల దారి పట్టి శ్రీశైలం పోతారు, మనం చలివేంద్రాలు పెడతాం. అక్కడి నుంచి రోహిణి కార్తె దాటేదాకా మూడు నెలలు మనం ఎట్లా బతకాలో, మన కళ్ళ ముందు ఎండలో పనిచేసేవాళ్ళను ఎట్లా బతికించుకోవాలో చెప్పాలని వచ్చాను.

ముప్పై ఏడేళ్ళు ఆరోగ్య శాఖలో పనిచేసినవాణ్ణి. దోమలు, మలేరియా రక్తపు చుక్కలు, టీకాలు, కుటుంబ నియంత్రణ క్యాంపులు, అన్నీ చూశాను. అయినా నా చేతుల్లో పోయిన ఒక మనిషి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తాడు. ఆయన్ను నేను బతికించి ఉండవచ్చు. ముందుగా ఆ సంగతే చెబుతాను.

1987 మే నెల. అప్పుడు నేను హెల్త్ అసిస్టెంటును. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. సైకిలు మీద ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఈ చుట్టుపక్కలే ఒక కాలువ పని జరుగుతూ ఉండేది. ఏ కాలువ, ఎవరి కాంట్రాక్టు అన్నది అనవసరం. పని చేసేవాళ్ళు పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళ గుడిసెల్లో పిల్లలకు టీకాలు వేయడానికి పోయాను. మధ్యాహ్నం రెండు దాటింది. పని దగ్గరినుంచి ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చి "సార్, మా చిన్నాయన పిచ్చి మాటలు మాట్లాడుతున్నాడు, చూడు రండి" అన్నాడు.

పోయి చూస్తే ముప్పై అయిదేళ్ళ మనిషి, గట్టి మనిషి, కాంక్రీటు పక్కన కూలబడి ఉన్నాడు. తూలుతున్నాడు. ఎవరినో తిడుతున్నాడు. ఒళ్ళంతా చెమట. మేస్త్రీ అన్నాడు: "ఏం లేదు సార్, పొద్దున్నే తాగొచ్చినాడు. కాసేపు పడుకోనీండి, అదే దిగిపోతుంది." నేను నోటి దగ్గర వాసన చూశాను. సారా వాసన లేదు. చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు ఉంది. థర్మామీటరు పెడితే పాదరసం చివరిదాకా పోయింది.

నేను ఏం చేశానో వినండి. జ్వరం తగ్గే సూది ఒకటి వేశాను. నీళ్ళు తాగించబోతే కొంచెం లోపలికి పోయింది, కొంచెం పొలమారింది. ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి, ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కప్పించి, ఆసుపత్రికి పంపించాను. నేనూ ఎక్కాను. దారి సరిగా లేదు. గంటన్నర పట్టింది. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికి మనిషి లేడు.

ఆయన పడిపోయిన చోటికి పది గజాల్లో రెండు డ్రమ్ముల నిండా నీళ్ళున్నాయి. కాంక్రీటు ఎండిపోయి పగుళ్ళు ఇవ్వకుండా దాని మీద గోనె సంచులు పరిచి, ఆ నీళ్ళతో తడుపుతున్నారు. కాంక్రీటుకు తడి గోనె కప్పాము. మనిషికి టార్పాలిన్ కప్పాము. ఆ తడి గోనెలు తెచ్చి ఆ మనిషి మీద వేసి, ఆ డ్రమ్ములు గుమ్మరించి, నలుగురు తువ్వాళ్ళతో విసిరి ఉంటే ఆయన బతికే అవకాశం ఉండేది. నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు అని చాలాకాలం సమర్థించుకున్నాను. ఆ రాత్రి నా డైరీలో "జ్వరం, మార్గమధ్యంలో మరణం" అని రాశాను. వడదెబ్బ అని రాయలేదు. చెమట పడుతున్న మనిషికి వడదెబ్బ ఏమిటి అనుకున్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పులు ఇప్పటికీ ఊళ్ళలో జరుగుతున్నాయి. అందుకే ఒక్కొక్కటే విప్పి చెబుతాను.

మొదటిది చెమట సంగతి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు ఉండాలి. పాత లెక్కలో 98.6. బయట గాలి మన చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు గాలి మనల్ని చల్లార్చదు, కాలుస్తుంది. అప్పుడు మనకు మిగిలిన ఉపాయం ఒక్కటే, చెమట. మన ఇంట్లో మట్టికుండ ఎట్లా పనిచేస్తుందో అట్లాగే. కుండ గోడల్లోంచి నీరు ఊరి, ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరిపోతే దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఎండలో గడ్డపార పట్టినవాడు గంటకు లీటరు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ చెమట పోస్తాడు. కుండలో నీళ్ళు పోయకపోతే కుండ ఎంతసేపు చల్లగా ఉంటుంది?

కోస్తాలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. అక్కడ 40 డిగ్రీలకే ప్రాణం మీదికి వస్తుంది. మనది పొడి ఎండ. ఇక్కడ చెమట పుట్టిందే తడవు ఆరిపోతుంది. చొక్కా తడవదు. "నాకేం చెమట పట్టలేదే" అనుకుంటాం. సాయంత్రానికి చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కనిపిస్తాయి. ఆ చారలే లెక్క. మన నంద్యాల, కర్నూలు ప్రాంతం రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో ఒకటని మీకు చెప్పనక్కరలేదు. 2024 వేసవిలో మన నంద్యాల జిల్లాలో 46 డిగ్రీలు దాటింది. మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీలు వచ్చిందంటే మామూలుతో పోల్చి చూడకుండానే వాతావరణ శాఖ వారు దాన్ని వడగాడ్పు అంటారు. 47 వస్తే తీవ్రమైన వడగాడ్పు.

వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని మాకు పాత పుస్తకాల్లో చెప్పారు. అది ఇంట్లో కూర్చుని వడదెబ్బ తిన్న వృద్ధుల విషయంలో చాలావరకు నిజం. అంటే మన విషయంలో. పని చేస్తూ పడిపోయినవాడికి చెమట పడుతూనే ఉండవచ్చు. కాబట్టి చెమటను చూసి తీర్పు చెప్పకండి. మాట చూడండి. పేరు అడగండి, ఊరు అడగండి, ఇది ఏ వారం అని అడగండి. పొంతన లేని జవాబు వచ్చినా, తూలినా, ఉత్తపుణ్యానికి కోపగించుకున్నా, ఒళ్ళు కాలుతున్నా, దాన్ని వడదెబ్బే అనుకోండి. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 దాటితే మెదడు తడబడుతుంది. ఎండలో తాగుబోతులాగా ప్రవర్తిస్తున్న మనిషి తాగి ఉన్నాడని తేల్చే ముందు దయచేసి ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. తాగి ఉంటే మరీ ప్రమాదం, సారా ఒంట్లో నీటిని లాగేస్తుంది.

రెండో తప్పు నేను వేసిన సూది. జ్వరం బిళ్ళ, జ్వరం సూది వడదెబ్బకు పనిచేయవు. కారణం చెబుతాను. మలేరియా జ్వరంలో శరీరం తనంతట తానే వేడిని పెంచుకుంటుంది. లోపల ఒక మీట ఉందనుకోండి, దాన్ని పైకి జరుపుతుంది. బిళ్ళ ఆ మీటను కిందికి దించుతుంది. వడదెబ్బలో మీట సరైన చోటే ఉంది. వేడే బయటికి పోలేక లోపల పేరుకుంది. అప్పుడు మీటను కదిపితే లాభమేమిటి? పైగా అప్పటికే దెబ్బ తిన్న కాలేయానికి ఆ మందు ఇంకో భారం.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. చల్లార్చకుండా ఆసుపత్రికి పరుగెత్తడం. పడిపోయినప్పటి నుంచి అరగంటలోపు ఒంటి వేడి దించగలిగితే చాలామంది బతుకుతారు. ఆలస్యమైన కొద్దీ మూత్రపిండాలు, కాలేయం, మెదడు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. మన పల్లెల్లో అరగంటలో ఆసుపత్రి ఎక్కడిది? అందుకని చికిత్స పడిపోయిన చోటే మొదలు కావాలి. ఒకరు 108కి ఫోను చేయండి. ఆ బండి 2005 నుంచి మనకుంది, వస్తుంది. అది వచ్చేలోపు మిగతావాళ్ళు మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి పాదాల దాకా నీళ్ళు పోస్తూనే ఉండండి. ఒక బిందె పోసి ఆపడం కాదు. తడి గుడ్డలు, తడి గోనెలు కప్పి, అవి వేడెక్కగానే తీసి మళ్ళీ తడిపి వేయండి. అట్టముక్కతోనో, తువ్వాలుతోనో విసరండి. సోడా అంగడిలో ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. వయసులో ఉన్న పనివాడైతే, పక్కన నీళ్ళ తొట్టి ఉంటే, తల పైన ఉండేట్టు ఇద్దరు పట్టుకుని మెడ వరకు కూర్చోబెట్టవచ్చు. అది అన్నిటికంటే త్వరగా చల్లారుస్తుంది. ముసలివాళ్ళకు మాత్రం తడపడం, విసరడం మేలు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను చేసిన నాలుగో తప్పు అదే. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బండిలో ఎక్కించాక కూడా తడపడం ఆపకండి.

జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఎండదెబ్బ తగలదని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. మా నాయన కూడా పెట్టుకునేవాడు. పెట్టుకుంటే నష్టం లేదు. జేబులో ఉల్లిగడ్డ ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ లేకుండా బయల్దేరితే నష్టం ఉంది. పడిపోయిన మనిషికి అరికాళ్ళకు ఉల్లిరసం రుద్దుతూ కూర్చుంటే ఇంకా పెద్ద నష్టం, ఆ పది నిమిషాలు నీళ్ళకు దక్కవలసినవి.

వడదెబ్బ దాకా రాకముందే శరీరం కబురు పెడుతుంది. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. అప్పుడే పని ఆపి నీడకు వచ్చి ఉప్పు కలిపిన నీళ్ళు తాగితే సరిపోతుంది. ఉత్త నీళ్ళే బిందెలు బిందెలు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. మజ్జిగలో ఉప్పు, నిమ్మరసంలో ఉప్పూ చక్కెరా, అంబలి, గంజి. మన ఇళ్ళలో అన్నీ ఉన్నవే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా గీతకు సమంగా కొలిచి కలపండి. ఈ ఉప్పూ చక్కెర నీళ్ళను తక్కువ చూపు చూడకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గారు డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై మంది చస్తున్న చోట చావులు మూడు నాలుగుకు తగ్గాయి. వారు 2022లో కాలం చేశాక పద్మవిభూషణ్ ఇచ్చారు. కాస్త ముందే ఇచ్చి ఉండవలసింది.

ఇక అంకెల సంగతి. 2002లోను, 2003లోను ఉమ్మడి రాష్ట్రంలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది, తెలంగాణలో ఐదు వందలకు పైగా పోయారని లెక్క. ఇవి లెక్కకు వచ్చినవి మాత్రమే. తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి విచారించి వడదెబ్బేనని తేల్చినవి. నా డైరీలో "జ్వరం" అని రాసిన పాలమూరు మనిషిలాంటివాళ్ళు ఏ లెక్కలోకీ రారు. ఎండకు గుండె ఆగినవాడిని గుండెపోటు అంటాం. కిడ్నీలు పోయినవాడిని కిడ్నీ జబ్బు అంటాం. 2010 మే నెలలో అహ్మదాబాదులో పెద్ద వడగాడ్పు వచ్చింది. తర్వాత పరిశోధకులు కూర్చుని ఆ నెలలో అన్ని కారణాల మీద చనిపోయినవారిని అంతకుముందు ఏడాది, ఆ తర్వాతి ఏడాది మే నెలలతో పోల్చి చూశారు. 1,344 మంది అదనంగా తేలారు. అప్పుడు ఆ నగరానికి మెలకువ వచ్చి 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకుంది. దక్షిణాసియాలో అదే మొదటిది. రేపటి ఎండ ఎంతో ముందురోజే చెప్పడం, ఆసుపత్రులను సిద్ధం చేయడం, జనానికి తెలియజేయడం. పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు.

"మా తాతలు ఎండలో పని చేయలేదా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. చేశారు. ఎప్పుడు చేశారో గుర్తు చేసుకోండి. చుక్కపొద్దున మడక కట్టి, పొద్దు పదికి ఎద్దులను విప్పేవారు. అంబలి తాగి చెట్టు కింద నడుం వాల్చి, మూడు దాటాక మళ్ళీ లేచేవారు. ఎద్దు కష్టం తెలిసినవాడు కాబట్టి తన కష్టమూ తెలుసు. ఇప్పుడు గుత్త పని. ఇన్ని చదరపు అడుగులకు ఇంత అని. ఆగితే కూలి ఆగుతుంది. ఆ ఒక్క మార్పు చాలామందిని ఎండలో నిలబెట్టింది. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసినవారు ఈ సంగతి తెలిసే రాశారనుకుంటాను. రాసినదంతా పనిచోట కనిపించిందా అంటే మీరూ ఉద్యోగాలు చేసినవారే, నేను చెప్పేదేముంది.

ఇక్కడ మనల్ని కూడా ఒక మాట అనుకోవాలి. గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే మనం చేసే మొదటి పని ఏమిటి? ఇల్లు కట్టడం, లేదా పైన ఇంకో అంతస్తు వేయడం. అదీ ఎండాకాలంలోనే, వానలు అడ్డం రావని. అప్పుడు మనమే యజమానులం. స్లాబు వేసే రోజు మిల్లరు తొమ్మిదికి వస్తుంది, పది గంటలకు మొదలుపెట్టి మధ్యలో ఆపకూడదని నడి ఎండలో తట్టలు మోయిస్తాం. దయచేసి ఆ పని తెల్లవారుజామున అయిదుకు మొదలుపెట్టించండి. మిల్లరు వాడికి ముందురోజు గట్టిగా చెబితే వస్తాడు. స్లాబు రోజు విందు ఇవ్వడం మన ఆచారం, కోడికూరా పెట్టండి, కాదనను. మందు మాత్రం పొద్దు గుంకిన తర్వాతే.

ఇంకో ముఖ్య విషయం. ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎండదెబ్బకు పోయే పనివాళ్ళలో చాలామంది కొత్తగా పనిలో దిగిన మొదటి కొద్దిరోజుల్లోనే పోతారు. నేను చెప్పిన ఆ పాలమూరు మనిషి ఇంటికి పెళ్ళికి పోయి మూడు వారాలుండి వచ్చాడు. వచ్చిన మూడో రోజు అది. కాలేజీ సెలవులని కూలికి వచ్చిన పిల్లవాడు, జ్వరం తగ్గి లేచివచ్చినవాడు, ఊరికి పోయి వచ్చినవాడు, వీళ్ళకు మొదటి వారం సగం పనే చెప్పమని మేస్త్రీకి మీరే చెప్పండి. మీ మాట వింటాడు, డబ్బు ఇచ్చేది మీరు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. అరవై దాటిన తర్వాత ఒంటికి నీళ్ళు కావలసి వచ్చినా దాహం వేయదు. చెమటా తగ్గుతుంది. కాబట్టి దాహాన్ని నమ్ముకోకండి, గంటకోసారి గడియారం చూసి తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలలేదని అర్థం. రాత్రి లేవవలసి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు మానేసేవాళ్ళు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. బీపీకి, కాళ్ళ వాపుకు ఇచ్చే నీటి మాత్రలు ఒంట్లో నీటిని, ఉప్పును బయటికి పంపిస్తాయి. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు, మనసు జబ్బుకు వాడే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. నేను ఈ మాట అన్నానని ఎవరూ రేపటి నుంచి మాత్రలు మానేయకండి. మార్చి నెల మందులు తెచ్చుకునేటప్పుడు "ఎండాకాలం వస్తోంది, ఈ మోతాదు ఉండాలా?" అని డాక్టరు గారిని అడగండి. గుండె జబ్బు వల్ల నీళ్ళు తక్కువ తాగమని చెప్పినవారు ఎంత తాగవచ్చో కూడా అడిగి రాసుకోండి. షుగరు ఉన్నవారికి మజ్జిగ మేలు.

ఇళ్ళు కూడా మారాయి. మట్టి మిద్దెల్లో పుట్టినవాళ్ళం మనం. ఆ మిద్దె పగలు వేడిని లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు స్లాబు. పగలంతా తాగిన వేడిని రాత్రి పడక మీద కక్కుతుంది. కింది వాటా అద్దెకిచ్చి పై గదిలో ఉంటున్న సభ్యులు మనలో ఉన్నారు. మిద్దె మీద సున్నం తెల్లగా కొట్టించండి. తక్కువ ఖర్చుతో వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇట్లాంటి చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. ఇంకో సంగతి, గదిలో 40 దాటితే ఉత్త ఫ్యాను మేలు చేయదు, వేడిగాలి కొలిమి తిత్తిలాగా మీదికి కొడుతుంది. తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని ఫ్యాను కింద కూర్చోండి. కరెంటు పోతే కింది వాటాలోకి దిగండి. అద్దెకున్నవాళ్ళను అడగడానికి మొహమాటపడకండి.

2003 ఆగస్టులో ఐరోపాలో వడగాడ్పు వచ్చింది. ఒక్క ఫ్రాన్సు దేశంలోనే దాదాపు పదిహేను వేలమంది చనిపోయారు. డబ్బుకు, డాక్టర్లకు, ఆసుపత్రులకు కొదవలేని దేశం. పోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, ఒంటరిగా ఉంటున్నవారు చాలామంది. ఆగస్టు అక్కడ సెలవుల నెల, పిల్లలు ఊళ్ళకు పోయారు. తలుపు తట్టేవారు లేరు. ఆ తర్వాత అక్కడి మునిసిపాలిటీలు ఒంటరి వృద్ధుల పేర్లు రిజిస్టరులో రాసుకుని, వడగాడ్పు రోజుల్లో ఫోను చేసి పలకరించే పద్ధతి పెట్టాయి. మన పిల్లలు సెలవులకు పోలేదు. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. వాళ్ళు ఫోను చేసేది రాత్రి. వడదెబ్బ తగిలేది పగలు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన శాఖ దగ్గర సభ్యుల జాబితా ఎట్లాగూ ఉంది. అందులో ఒంటరిగా ఉన్నవారు, భార్యాభర్తలిద్దరే ఉన్నవారు ఎవరో వీధి వారీగా విడిగా రాద్దాం. మార్చి 15 నుంచి తొలకరి వాన పడేదాకా ఒక్కొక్కరికి ఇద్దరిని అప్పగిద్దాం. పొద్దున ఏడున్నరకు ఒక ఫోను, మధ్యాహ్నం మూడుకు ఒక ఫోను. "నీళ్ళు తాగినారా, మూత్రం ఎట్లా ఉంది?" అంతే, పింఛను సంగతులు మొదలుపెట్టవద్దు, గంట అవుతుంది. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, లేదా మాట తడబడితే, ఆ వీధిలో దగ్గరగా ఉన్న సభ్యుడు పోయి తలుపు తట్టాలి. పోయేటప్పుడు చేతిలో ఒక తువ్వాలు ఉండాలి. నీళ్ళు ఏ ఇంట్లోనైనా ఉంటాయి.

బ్యాంకు పనులు, ట్రెజరీ పనులు పదకొండు లోపు ముగించుకుందాం. చలివేంద్రం ఎప్పటిలాగే పెడదాం, ఈసారి అక్కడ రెండు తడి గోనెలు, రెండు పెద్ద బిందెలు విడిగా ఉంచమని, అవి తాగడానికి కాదని అక్కడ కూర్చునే కుర్రవాడికి చెప్పమని కార్యదర్శి గారికి మనవి.

జాబితా కాగితం ఇప్పుడు మీ మధ్యకు వస్తుంది. పెన్నులు నేనే తెచ్చాను. మొదటి పేరు నాదే రాశాను. మా ఇంటావిడ పోయి రెండేళ్ళయింది, అబ్బాయి పుణెలో ఉంటాడు, ఉండేది పై గదిలోనే. పొద్దున ఏడున్నరకు నాకు ఎవరు ఫోను చేస్తారన్న గడి ఖాళీగా ఉంది. మా వీధివాళ్ళు ఎవరైనా రాయండి.